దెయ్యాన్ని ఖాళీ చేయించండి

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం పొద్దున

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం ‘గౌరవనీయులైన సర్’ అని మొదలైంది. అందులో నీ తప్పేం లేదు. నలభై ఏళ్ళుగా నా పుస్తకాల అట్టల మీద ఉన్నది మగపేరే. ఆ రోజుల్లో నవల అమ్ముడుపోవాలంటే ఆడపేరు ఉండాలని మగవాళ్ళే ఆడపేర్లు తగిలించుకుని రాసేవాళ్ళు. నా విషయంలో మాత్రం తిరగబడింది. ‘దెయ్యాల కథ ఆడమనిషి రాసిందంటే ఎవరు జడుసుకుంటారమ్మా’ అన్నాడు మొదటి పబ్లిషరు. మా ఆయన పేరులో సగం, మా పుట్టింటి ఊరి పేరులో సగం కలిపి ఒక పెద్దమనిషిని తయారుచేశాను. బ్యాంకులో కొత్త ఉద్యోగి వచ్చినప్పుడల్లా ఆయనా నేనూ ఒకటేనని ఇప్పటికీ రుజువు చేసుకోవాల్సి వస్తోంది. ఈసారి నుంచి ‘మామ్మా’ అని రాయి. డెబ్బై దాటాను.

నువ్వు పంపిన మూడు కథలూ రెండేసి సార్లు చదివాను. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి భోజనాలయ్యాక. దెయ్యం కథని రాత్రి ఒకసారి చూసుకోవాలి. పగలు బ్రహ్మాండంగా కనిపించిన వాక్యం రాత్రి తేలిపోతుంది. అసలు పట్టించుకోని వాక్యం వీపు మీద చెయ్యి వేస్తుంది.

మొదటి కథ. కొండమీద పాడుబడ్డ బంగళా, తుఫాను, గోడ గడియారం పన్నెండు కొట్టడం, తెల్లచీర, కాలి గజ్జెలు. అవన్నీ నా పుస్తకాల్లోవే, గుర్తుపట్టాను. నేనూ అంతకు ముందువాళ్ళ దగ్గర ఎత్తుకొచ్చినవే కాబట్టి దొంగతనం అనను. కానీ నువ్వుండేది గుంటూరు బ్రాడీపేటలో. ఇల్లు చెప్పాలంటే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెప్పే పేట అది. రాత్రి పదకొండింటికి బిర్యానీ తెచ్చే కుర్రాడికి లేని లైను నుంచి ఆర్డరు వచ్చిందనుకో. ఫోన్ చేస్తే అవతల ఎవరో చక్కగా దారి చెబుతున్నారనుకో. కొండా అక్కర్లేదు, తుఫానూ అక్కర్లేదు.

ఇంకోటి. మీ ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లోకి ఎప్పుడైనా వెళ్ళావా? నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను, మే నెలలో. బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల హమాలీలు మంకీ క్యాపులు పెట్టుకుని, నోట్లోంచి పొగలొస్తుంటే మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోస్తున్నారు. పైకప్పు దాకా పేర్చిన గోనెల మధ్య మనిషి పట్టేంత సందు. మిరప ఘాటుకి ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. చీకట్లో ఆ దగ్గుని బట్టే ఎవరెక్కడున్నారో తెలుస్తుందట. ‘ఒక్కోసారి లెక్క కంటే ఒక దగ్గు ఎక్కువ వినిపిస్తుందమ్మా’ అన్నాడు ఒక ముసలాయన, బీడీ ముట్టించుకుంటూ, ఏదో టిక్కీల లెక్క చెప్పినట్టు. నేను దాన్ని ఇంతవరకూ వాడుకోలేదు. నీకిచ్చేస్తున్నాను.

రెండో కథ నిర్మాణం బాగుంది. చివరి పేజీలోనే చెడింది. డాక్టరుగారొచ్చి అంతా విప్పి చెప్పడం దేనికి? ఈ జబ్బు నాకూ ఉండేది, కుదిర్చింది అద్దె పుస్తకాల షాపు. అప్పట్లో బెజవాడలో వీధికొకటి ఉండేది. మా వీధి చివర షాపులో నా నవలకి నాలుగు కాపీలుంటే నాలుగింటికీ చివరి పేజీ లేదు. ఎవరో కొంటె వెధవ చింపుకుపోయాడు. షాపాయన్ని అడిగితే నొచ్చుకోలేదు సరికదా, ‘అదే మంచిదైందండీ, చివరి పేజీ ఉన్నన్నాళ్ళూ మరుసటి రోజే తిరిగిచ్చేసేవాళ్ళు. ఇప్పుడు రెండో రోజు అద్దె కూడా వస్తోంది, మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నారు’ అన్నాడు. లెక్కల టీచర్ని, ఆ లెక్క నాకు బాగా అర్థమైంది. నీ చివరి పేజీ చింపేసి ఒకసారి చదువు.

అలాగని కారణాలు తెలుసుకోవద్దని కాదు. నీకు తెలిసి ఉండాలి, కథలో పోయకూడదు, అంతే. ‘గుండెల మీద ఎవరో కూర్చున్నారు, అరుద్దామంటే గొంతు పెగల్లేదు’ అని నీ పాత్ర అంటుంది చూడు, అది మన ఊళ్ళలో సగం మంది చెప్పే మాటే. కలలొచ్చే దశలో మనం లేచి పరుగెత్తకుండా మెదడు ఒంటిని బిగదీసి ఉంచుతుంది. ఆ కట్టు వదలకముందే మెలకువ వస్తే కళ్ళు తెరుచుకుని ఉంటాయి, కాలూ చెయ్యీ కదలవు, గదిలో ఇంకెవరో ఉన్నట్టుంటుంది. ఈ సంగతి తెలిశాక నేను ఆ సన్నివేశం రాసే పద్ధతే మారింది. అంతకుముందు అరుపులు రాసేదాన్ని. తర్వాత కదలని చిటికెనవేలు రాశాను.

మా విజయవాడ ఇంకో రకంగా కూడా కలిసొచ్చింది. గోరాగారి నాస్తిక కేంద్రం మా ఊళ్ళోనే ఉంది, పటమటలో. 1940లో ముదునూరులో మొదలై 1947లో ఇక్కడికి వచ్చింది. మహిమలేం లేవని చూపించడానికి వాళ్ళు అగ్నిగుండం తొక్కిస్తారు. కట్టె నిప్పు మీద బూడిద పొర ఉంటుంది, బొగ్గు వేడిని త్వరగా వదలదు, చకచకా నడిచేస్తే కాలదు. దెయ్యాల మీద బతికేదానివి నాస్తికుల ఊళ్ళో కాపురం ఉంటున్నావేమిటని మా ఆడపడుచు వేళాకోళం చేసేది. నాకైతే అదే కలిసొచ్చింది. నమ్మేవాడికి కథ చెప్పడం సులువు. నమ్మనివాడు రాత్రి బాత్రూంకి వెళ్ళేటప్పుడు వరండా లైటు వేసుకుంటే, అప్పుడు నువ్వు రాయగలిగినట్టు.

ఇక అసలు విషయం. ‘ఈ వృత్తిలో మీకు భయం వేసిన సందర్భం ఉందా’ అని అడిగావు. రెండున్నాయి. రెండింటిలోనూ దెయ్యం లేదు.

ఎనభైల్లో ఒక వారపత్రికకి సీరియల్ రాస్తున్నాను. అప్పుడు మా సత్యనారాయణపురం మధ్యలోంచి రైలు కట్ట ఉండేది. ఇప్పుడు నువ్వు చూసే బీఆర్టీఎస్ రోడ్డు అదే. కట్ట పక్కన ఒక పెంకుటిల్లు. ఆకుపచ్చ గేటు, గేటు మీదికి వాలిన పారిజాతం చెట్టు. ముందు వాటాలో ఉన్నవాళ్ళకి ట్రాన్స్‌ఫర్ అయి ఖాళీ చేశారు. నేను రోజూ కూరలకి ఆ దారినే వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం ఆ ఇంటి ముందు చెప్పు తెగి ఆగాను. గూడ్సు బండి వెళ్ళింది. బండి వెళ్ళిపోయాక కూడా ఖాళీ ఇంట్లోంచి సన్నగా గలగలమని వినిపించింది. ఇంకేం, ఇంటికెళ్ళి స్టవ్ కూడా వెలిగించకుండా రాసేశాను. గేటు రంగుతో సహా, పారిజాతంతో సహా దించేశాను. గజ్జెల ఆవిడ ముందు వాటాలో దిగింది. పత్రిక సర్క్యులేషన్ పెరిగిందన్నారు. నేను గాల్లో తేలుతున్నాను.

తొమ్మిదో వారం ఒకావిడ మా ఇంటికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. బొట్టు లేదు. చేతిలో నాలుగు సంచికలు.

“దెయ్యాల రచయితగారి ఇల్లు ఇదేనాండీ?”

“నేనేనండీ.”

నన్ను ఎగాదిగా చూసింది. మగవాణ్ణి కడిగేయడానికి సిద్ధపడి వచ్చింది పాపం, నన్ను చూసి ఏం చేయాలో తోచలేదు. కూర్చోమన్నాను. మంచినీళ్ళు తాగి, గ్లాసు నేలమీద పెట్టి, అప్పుడు చెప్పింది. ఆ ఇల్లు ఆవిడదే. వెనక వాటాలో ఉంటుంది, ముందు వాటా అద్దె మీద బతుకు. రెండు నెలల్లో నలుగురు వచ్చి చూసుకున్నారు. నలుగురికీ వీధిలో ఎవరో ఒకరు పత్రిక చూపించారు.

“మీతో గొడవకి రాలేదమ్మా. తెచ్చిపెట్టింది మీరే కదా, మీరే ఖాళీ చేయించండి.”

“ఎవర్నండీ?”

“ఆవిణ్ణే.”

నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. రాత్రిళ్ళు చప్పుడు ఏమైనా వినిపిస్తుందా అని అడిగాను. బుద్ధి ఎక్కడికి పోతుంది! “అటక మీద మా అత్తగారి కంచు గ్లాసులున్నాయి. బండి వెళ్తే గలగలలాడతాయి. మా ఆయన పోయాక అవే తోడు నాకు” అంది.

ముప్ఫై వారాలు అనుకున్న సీరియల్‌ని ఇంకో మూడు వారాల్లో ముగించాను. దెయ్యాన్ని చంపడానికి వీల్లేదు, పంపించాలి. ఏమీ తోచక, అర్ధరాత్రి కట్ట మీద ఆగిన పాసింజరు ఎక్కించేశాను. ఎడిటరు మండిపడ్డాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ పత్రికలో నాకు చోటు లేదు. దసరాకి ముందు వాటాలో ఒక రైల్వే క్లర్కు కుటుంబం దిగింది. ఆవిడ అరిసెలు పట్టుకొచ్చింది.

ఇక్కడితో అయిపోతే అది నీతికథ. చాలా ఏళ్ళ తర్వాత పట్టాలు తీసేశారు. రోడ్డు పనులు జరుగుతుండగా ఆవిడ బజార్లో కనబడింది, బాగా వంగిపోయింది. “ఇప్పుడు అంతా నిశ్శబ్దమమ్మా, నిద్ర పట్టట్లేదు” అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. “ఇంతకీ ఆ రోజు ఆవిణ్ణి ఏ స్టేషన్లో దించారు?”

నేను రాయలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

చాలా కాలానికి ఒక సైన్సు వ్యాసంలో చదివాను. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరుకి ఒక రాత్రి తన ల్యాబులో కంటి చివర బూడిదరంగు ఆకారం కనిపించిందట. మర్నాడు బిగింపులో పెట్టిన కత్తి దానంతటదే కంపిస్తుంటే చూసి ఆరా తీశాడు. కొత్తగా పెట్టిన ఫ్యాను సెకనుకి సుమారు 19 సార్లు గాలిని ఊపుతోంది. చెవికి అందనంత బొంగురు శబ్దం. ఫ్యాను సంగతి సరిచేశాక ఆ ఆకారమూ పోయింది. 1998లో దాన్ని పత్రం రాసి అచ్చువేశాడు. నాకు వెంటనే ఆ కంచు గ్లాసులు గుర్తొచ్చాయి. ఇంజనీరుకి కారణం దొరికింది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాడు. కంచు గ్లాసుల ఆవిడకి కారణం మొదట్నుంచీ తెలుసు. తెలిసి కూడా ఏ స్టేషన్లో దించారని అడిగింది. నువ్వు రాయాల్సింది ఆ అడిగిన మనిషి గురించి.

రెండోది క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెప్పడం నాకు ఇష్టం లేదు. చేతబడి నవలలు జోరుగా పోతున్న కాలం. ‘మీరూ ఒక చిల్లంగి నవల రాయండి’ అని అడ్వాన్సు చేతిలో పెట్టారు. రాశాను. నిమ్మకాయలు, వెంట్రుకలు, బొమ్మకి గుచ్చిన సూదులు, చేసేది ఊరిచివర ఒంటరి ముసలామె. రెండో ముద్రణ వచ్చాక ఒక 15 పైసల కార్డు వచ్చింది. గుండ్రటి చేతిరాత. ‘మీరు రాసిన లక్షణాలన్నీ మా పక్కింటి మామ్మకి సరిపోయాయి. ఇప్పుడు మేమేం చేయాలి?’

ఆ మధ్యాహ్నమే జవాబు రాశాను. అదంతా కట్టుకథ, నేను కూర్చుని అల్లింది, ఆవిణ్ణి ఏమీ అనకండి అని. మళ్ళీ రాశాను. మూడోసారి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ ఊరు ఎక్కడో పోస్టు ముద్ర సగం చెరిగి తెలియలేదు, కార్డు మీద రాసిన అడ్రసు సరైనదో కాదో కూడా తెలియదు. మూడో ముద్రణకి నేను ఒప్పుకోలేదు. పబ్లిషరు వేసేశాడా అని చాన్నాళ్ళు షాపుల్లో వెతికాను.

అందుకే చెబుతున్నాను. దెయ్యాల గురించి నీ ఇష్టం వచ్చినంత రాసుకో, అది చచ్చిపోయినవాళ్ళ వ్యవహారం. చేతబడి, బాణామతి, చిల్లంగి వేరు. అక్కడ ముద్దాయి బతికున్న మనిషి. ఎప్పుడూ ఒంటరిది, ముసలిది, ఆస్తి మీద ఎవరి కన్నో పడ్డది. మన దేశంలో ఏటా హత్యల లెక్కలు వేసేటప్పుడు కారణాల పట్టికలో చేతబడి అనుమానానికి విడిగా ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో నా వాటా ఎంతో నాకు తెలియదు. ‘యథార్థ సంఘటన ఆధారంగా’ అని నీ రెండో కథ మొదట్లో వేశావే, అది కూడా ముందు కొట్టెయ్యి. ఇల్లు నిజమైతే గేటు రంగు మార్చు, వీధి మార్చు, చెట్టు మార్చు.

మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళు. ప్రకాశం బ్యారేజీ దగ్గర గజ ఈతగాడు ఒకతను నాకు బాగా తెలిసినవాడు. డెబ్బై గేట్ల కింద ఎక్కడ సుడి ఉంటుందో, కొట్టుకొచ్చినవాళ్ళు ఎక్కడ తట్టుకుంటారో అతనికి ఇంట్లో దారిలా తెలుసు. దెయ్యాలుంటాయా అంటే ‘నీళ్ళలో చీరలుంటాయమ్మా, కాలికి చుట్టుకుంటే చస్తాం’ అన్నాడు. శవాన్ని పట్టుకుని ఒడ్డుకి ఈదుతూ మాట్లాడతాడట. ‘రా నాయనా, వచ్చేశాం, మీవాళ్ళు ఇక్కడే ఉన్నారు’ అని. ఎందుకు మాట్లాడతావయ్యా అని అడిగాను. ‘మరి ఊరికే ఎట్టా తీసుకొస్తాం?’ అన్నాడు. అతను చెప్పేటప్పుడు నోటుపుస్తకం తీయలేదు నేను. నువ్వూ తీయకు. ఇంటికొచ్చి రాసుకుంటే గుర్తున్నంతే చాలు.

సాహిత్య సభల్లో మనకి కుర్చీ ఉండదు, ఆశ పెట్టుకోకు. పుస్తకాల పండక్కి మన పుస్తకాలు కొనేవాళ్ళు కూడా వాటిని కవితా సంపుటాల కింద పెట్టుకుని బిల్లింగ్‌కి వెళ్తారు, కళ్ళారా చూశాను. అప్పుడు నేను గుణాఢ్యుణ్ణి తలుచుకుంటాను. మన ధాన్యకటకాన్ని ఏలిన సాతవాహనుల కొలువులో పండితుడు. ఆరు నెలల్లో రాజుకి సంస్కృతం నేర్పగలవా అని పందెం వేసి, సాటి పండితుడు శర్వవర్మ చేతిలో ఓడిపోయి, సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడూ వదిలేశాడు. ఇంక మాట్లాడటానికి మిగిలింది పిశాచాల భాష ఒక్కటే. వింధ్యాటవిలో ఒక పిశాచం చెప్పిన కథని ఆ భాషలోనే, సిరా లేక తన నెత్తురుతో, ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. పైశాచీలో రాసిందని రాజు తోసిపుచ్చాడు. గుణాఢ్యుడు కొండమీద మంట పెట్టి, ఒక్కో ఆకూ చదువుతూ అందులో వేశాడు. చుట్టూ జింకలు, అడవిపందులు మేత మానేసి కన్నీళ్ళు కారుస్తూ విన్నాయి. వంటశాలకి వచ్చే మాంసం ఎండిపోయిందేమిటని ఆరా తీస్తే రాజుకి సంగతి తెలిసింది. పరుగెత్తుకొచ్చేసరికి లక్ష మిగిలింది. కథాసరిత్సాగరంలో సోమదేవుడు చెప్పే కథ ఇది. నువ్వు చిన్నప్పుడు చదివిన బేతాళుడు కూడా ఆ గ్రంథంలోవాడే. నాకు ఇందులో బాగా నచ్చేది రాజు కాదు, మేత మానేసిన జింకలు. నా అద్దె లైబ్రరీ పాఠకులు అచ్చం అలాగే ఉండేవాళ్ళు, అన్నం చల్లారిపోతోందని ఇంట్లో అరుస్తున్నా లేచేవాళ్ళు కాదు.

డబ్బు గురించి అడిగావు. ఉద్యోగం మానకు. నా ఇల్లు గడిపింది స్కూలు జీతం, ఇప్పుడు గడుపుతోంది పెన్షన్. సీరియల్ డబ్బుతో ఒక కుట్టుమిషను, రెండు మంచాలు, మా అమ్మాయి పెళ్ళిలో వంటవాళ్ళ ఖర్చు. కిందటేడు మా మనవడు ఫోన్లో ఏదో దెయ్యం కథ వినిపిస్తుంటే, ఉరుముల మధ్య నా వాక్యాలే వినిపించాయి. చదివినవాడి పేరుంది, నా మగపేరు కూడా లేదు. నువ్వు ఎవరికి కథ ఇచ్చినా ఆడియో హక్కుల సంగతి కాగితం మీద విడిగా రాయించుకో. మన దేశంలో కాపీరైటు రచయిత బతికున్నంత కాలమూ ఉంటుంది, పోయాక ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది. చచ్చాక కూడా అరవై ఏళ్ళు పట్టుకుని వేలాడవచ్చన్నమాట. చట్టం చేసినవాళ్ళు మనలాంటివాళ్ళని దృష్టిలో పెట్టుకున్నారేమో.

మూడో కథ. మీ నాయనమ్మ మీద రాసింది. ఇది కథో కాదో తెలియట్లేదని పక్కన పెన్సిల్‌తో రాశావు. ఆరో పేజీలో ఒక వాక్యం కొట్టేశావు. లైటుకి ఎత్తిపట్టి చదివాను. ‘నాయనమ్మ పోయి ఏడాదైనా, రాత్రి గడియ పెట్టేముందు నాన్న ఒకసారి వీధిలోకి చూసి, కాసేపు ఆగి, అప్పుడు తలుపేస్తాడు.’ దాని బదులు కిటికీలో మొహం కనిపించిందని రాశావు. ఆ మొహం తీసేసి, కొట్టేసిన వాక్యం మళ్ళీ పెట్టు. ఆయన ఆగే ఆ కాసేపూ ఏం చేస్తాడో, చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడో, ఈ వారం నిద్రపోకుండా చూడు.

తిరగరాసి వచ్చే ఆదివారం తీసుకురా, కూర్చుని చదువుకుందాం. గుంటూరు బస్సు దిగి ఆటో ఎక్కితే బీఆర్టీఎస్ రోడ్డు మీద పారిజాతం చెట్టు దగ్గర ఆపమను. ఇల్లు ఎప్పుడో అపార్టుమెంటు అయిపోయింది, చెట్టు మాత్రం వాళ్ళు కొట్టలేదు. పక్క సందులో మూడో అంతస్తు మాది. లిఫ్టు రెండో అంతస్తులో దానంతటదే ఆగుతుంది, కంగారుపడకు, తలుపు గట్టిగా ఒకసారి మూస్తే కదులుతుంది.

ఆశీస్సులతో,
మామ్మ